అవ్వ చెప్పని ఊరి పేరు

పోయిన నెలలో ఒక పొద్దున మా అవ్వను నిజామాబాద్‌లో మతిమరుపు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్లాను. అవ్వ అంటే మా అమ్మే. మా వైపు కన్నతల్లిని అట్లాగే పిలుస్తాం. డాక్టరమ్మ చిన్న వయసుదే గాని మంచి ఓపిక ఉన్న మనిషి. ఈరోజు ఏ వారం, పొద్దున ఏం తిన్నావు, నీకు ఎంతమంది పిల్లలు అని ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. అవ్వ కొన్నింటికి జవాబు చెప్పింది, కొన్నింటికి నా మొహం చూసింది. చివరికి అవ్వను కాస్త మాటల్లోకి దించుదామనుకున్నదో ఏమో, డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి, మీ తల్లిగారి ఊరేది అవ్వా అని నవ్వుతూ అడిగింది. అంతే, అవ్వ పెదవులు బిగించేసింది. తలుపు వైపు ఒకసారి చూసి, కొంగు కింద చేతులు దాచుకుని, తల అడ్డంగా ఊపింది. రెండోసారి అడిగినా అంతే, మూడోసారి అడిగినా అంతే.

డాక్టరమ్మ ఏదో రాసుకుని నన్ను పక్కకు పిలిచి, చిన్ననాటి సంగతులు మామూలుగా అన్నింటికన్నా చివర పోతాయనీ, పుట్టిన ఊరి పేరే రావటం లేదంటే జబ్బు తాను అనుకున్నదానికన్నా ముదిరి ఉండవచ్చనీ చెప్పింది. నేను తల ఊపాను. అది మరుపు కాకపోవచ్చునని, ఆ నోటికి తాళం వేసింది నేనేనని, ఆ తాళం వేయటం నేర్పిన పట్టా నా ఆఫీసు గోడ మీద అద్దంలో వేలాడుతున్నదని ఆమెకు ఎట్లా చెప్పను?

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. బోధన్‌లో ఎర్రబస్సెక్కి నిజామాబాద్‌కు పోతుంటే ఎడపల్లి దాటేలోపే పక్కసీటావిడ మన పుట్టుపూర్వోత్తరాలన్నీ రాబట్టేది. ఏ ఊరు, ఎవల బిడ్డవు, ఇంటిపేరేంది, మీ అవ్వ తల్లిగారిల్లు యాడ. ఈ వరసలోనే అడిగేవాళ్లు, జవాబులు కూడా ఆ వరసలోనే చెప్పేవాళ్లం. జానకంపేట వచ్చేసరికి ఏదో ఒక చుట్టరికం తేలేది. తేలిందంటే ఇక ఆమె ఒళ్లోని మూట విప్పి జామకాయో, పేలాల ముద్దో చేతిలో పెట్టేది. ఎవరూ అదేదో రహస్యం అడుగుతున్నారనుకోలేదు. అడగకపోతేనే మనిషికి పొగరనుకునేవాళ్లం.

ఆ ప్రశ్నల్లో చివరిదాని కోసం మా అవ్వ ఎంతసేపైనా ఎదురుచూసేది. అత్తగారి ఊరి గురించి, మా బాపు, అంటే మా నాన్న, ఉద్యోగం గురించి ముక్తసరిగా చెప్పేసేది. తల్లిగారిల్లు యాడ అని అడగ్గానే మాత్రం చేతిలో పని ఆపి, సర్దుకుని కూర్చుని, "మాది మునిగిన ఊరు బిడ్డా" అని మొదలుపెట్టేది. ముందు ఊరి పేరు చెప్పేది. ఆ తర్వాత గోదారి ఒడ్డు, ఊరు నడిబొడ్డున పాతిన బొడ్రాయి, ఆ రాయికి ఎడమ చేతి వైపు తమ వాడ, వాడలో ఏడిండ్లు, ఏడింట్లో ఎవరెవరు. ఆపైన వాళ్ల బాపు పేరు, ఆయన పండించిన జొన్న, నది అవతలి నుంచి పడవలో వచ్చి మరాఠీలో బేరమాడే గాజులామె. వినేవాళ్లకు ఓపిక ఉందా లేదా అని చూసేది కాదు. ఒక్క పేరు కూడా అటూ ఇటూ కాకుండా ప్రతిసారీ అదే వరస.

గోదారి మీద ప్రాజెక్టు కట్టినప్పుడు ఆ ఊరు నీళ్లల్లో పోయింది. అప్పటికి నేను అవ్వ కడుపులో ఉన్నానట. ఆమె అన్నలిద్దరిలో ఒకాయన మగ్గాల పనికి భివండి పోయాడు, ఒకాయన మోర్తాడ్‌లో పసుపు చేలల్లో పనికి కుదిరాడు, మా తాత అమ్మమ్మలు ఊరు మునిగిన కొన్నాళ్లకే పోయారు. ఇప్పుడు వాళ్లెవరూ లేరు. బతుకమ్మ పండగొస్తే బోధన్‌లో మా గల్లీ ఆడవాళ్లంతా బీడీలు చుట్టే చాటలు గోడకు ఆనించి తల్లిగారిళ్లకు పోయేవాళ్లు. మా అవ్వ చాట ఒక్కటే ఆమె ఒళ్లో ఉండేది. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోస్తూ, ఆ నాలుగు రోజులూ గల్లీ మొత్తానికి ఆమె ఒక్కతే కూర్చునేది. అడిగినవాళ్లకల్లా ఆ లేని ఊరి ముచ్చట ఎందుకు చెబుతావని నేను చిన్నప్పుడు ఒకసారి విసుక్కున్నాను. ఆమె కోపం చేసుకోలేదు. "చెప్పకపోతే గక్కడ ఒక ఊరుండెనని ఎవలకు ఎరుకైతది బిడ్డా" అన్నది.

బాపు చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసేవాడు. చెరుకు బండ్లు వరసగా నిలబడితే ఒక్కో బండీ తూచి చీటీ రాసివ్వటం ఆయన పని. సీజన్‌లో ఇల్లంతా బెల్లపుపాకం వాసన, అవ్వ కూర్చునే అరుగు మీద మాత్రం తంబాకు వాసన. ఆ రెండు వాసనల మధ్యే నేను చదువుకున్నాను. రైతులకూ ఫ్యాక్టరీకీ మధ్య రోజూ జరిగే వాదులాటలు విని విని, బాపు నన్ను వకీలును చేయాలనుకున్నాడు. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి లా పూర్తిచేసి, బోధన్ కోర్టులో నల్లకోటు వేసుకున్న నాటికి బాపు ఉన్నాడు, ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. నేను పెళ్లి చేసుకోలేదు. అవ్వా నేనూ ఆ ఇంట్లోనే ఉండిపోయాం.

కోర్టు నాకు మొదటి రోజునే నచ్చటానికి ఒక కారణం ఉంది. బోనులో నిలబడ్డ సాక్షిని ముందుగా అడిగేవి మా బస్సు ప్రశ్నలే. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు. న్యాయం కూడా ఎవల బిడ్డవనే మొదలుపెడుతుందని నేను అవ్వకు చెబితే ఆమె తెగ సంబరపడింది. కాలువ నీళ్లు, పొలంగట్లు, దారి తగాదాలు, ఇవే మొదట్లో నా కేసులు. చందూర్ వైపు నుంచి, చుట్టుపక్కల క్యాంపుల నుంచి, ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు ఎక్కువగా వచ్చేవాళ్లు.

అట్లాంటి రైతు ఒకాయన గట్టు తగాదాలో తనను బెదిరించిన మాటలు ఫోన్‌లో రికార్డయి ఉన్నాయని తెచ్చాడు. నేను దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేయించి సాక్ష్యంగా పెట్టాను. ఇది ఎవరూ మార్చలేదని రుజువేమిటి, అసలు ఫోన్ ఏది, నకలు ఎవరు ఏ పద్ధతిలో తీశారు అని అవతలి వకీలు వరసగా అడిగితే నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. జడ్జిగారు కోప్పడను కూడా లేదు, నెమ్మదిగా దాన్ని వెనక్కి ఇచ్చేశారు. బయటికి వచ్చాక ఆ పెద్దాయన, "పోనీలెండి అమ్మాయిగారూ, ఈ ఫోన్ల గొడవ మీకు మాత్రం ఏం తెలుస్తదిలెండి" అని నన్నే ఓదార్చాడు. తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు. కేసు పోయిందన్న బాధ కన్నా ఆ ఓదార్పు నన్ను ఎక్కువగా కాల్చింది.

అట్లా నలభై దాటాక మళ్లీ పుస్తకాల సంచీ భుజాన వేసుకున్నాను. సైబర్ సెక్యూరిటీలో రెండేళ్ల పీజీ. నిజామాబాద్‌లో ఒక స్టడీ సెంటర్‌లో శని, ఆదివారాలు క్లాసులు. తక్కినవాళ్లంతా అప్పుడే బీటెక్ అయి వచ్చినవాళ్లు. మొదట్లో మేడమ్ అని లేచి నిలబడేవాళ్లు, రెండో నెలకు అక్కా అని నా టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టేవాళ్లు. పాఠం చెప్పే సారు కూడా నాకన్నా చిన్నవాడే. నెట్‌వర్క్ అంటే ఏమిటో, ఒక మాటను ఎట్లా ముక్కలు చేసి, ముద్ర వేసి పంపుతారో, నకలుకూ అసలుకూ తేడా లేదని ఎట్లా రుజువు చేస్తారో, అన్నీ అక్షరాభ్యాసం నుంచి నేర్చుకున్నాను. పెన్‌డ్రైవ్ నాడు నాకు తెలియని జవాబులన్నీ మొదటి ఆరు నెలల్లోనే తెలిశాయి. ఆ రోజుల్లో నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఇంట్లో నేను పైకి చదువుతుంటే అవ్వ బీడీలు చుడుతూ వినేది. ఇదేం చదువని అడిగితే, తాళాల చదువు అవ్వా అని చెప్పాను. "మన ఇంటికి ఇన్నేండ్ల సంది తాళమే లేకపాయె" అని నవ్వింది. నిజమే. పొద్దంతా ఆమె అరుగు మీదే ఉండేది, తాళంతో పనే పడలేదు. నేను చదివిన రెండు చదువులూ ఒకదానికొకటి ఎదురు నిలబడి ఉన్నాయని నాకప్పుడే తోచింది. మొదటి చదువు నిజమంతా బయటపెట్టమంటుంది, రెండోది ఏదీ బయటపెట్టవద్దంటుంది. రెండూ నాకే ఉన్నాయి గనుక ఎక్కడ ఏది వాడాలో నాకు తెలుసుననుకున్నాను.

ఒక ఆదివారం సారు రహస్య ప్రశ్నల గురించి చెప్పాడు. పాస్‌వర్డ్ మరచిపోతే మన ఖాతా మనల్ని అడిగే ప్రశ్న అది. అప్పట్లో చాలా ఖాతాలకు ఉండేది. మీ అమ్మ పుట్టిన ఊరేది, చిన్నప్పటి ముద్దుపేరేది, మొదటి బడి ఏది. మేము చెప్పిన జవాబులన్నీ విని, బోధన్ బస్సులో ఒక్కసారి కూర్చుంటే ఇవన్నీ నాకు పక్కసీటువాళ్లే చెబుతారని అన్నాడాయన. క్లాసంతా నవ్వింది, నేనైతే కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఏ పటంలోనూ, ఏ కార్డు మీదా, ఏ నెట్‌లోనూ దొరకని జవాబు పెట్టుకొమ్మన్నాడు. నాకు వెంటనే తట్టింది. మా అవ్వ పుట్టిన ఊరు ఏ పటంలోనూ లేదు. తెలుగులో ఐదక్షరాల పేరు. దాన్ని మించిన రహస్యం ఈ క్లాసులో ఎవరికుందని మురిసిపోయి, నా మెయిల్‌కు ఆ రోజే ఆ జవాబు పెట్టుకున్నాను. నా కక్షిదారుల కాగితాలన్నీ ఆ మెయిల్‌లోనే ఉండేవి.

మరుసటి ఆదివారం, ఆ ప్రశ్నతో ఖాతా ఎట్లా తిరిగి తెరుచుకుంటుందో ఎవరిది వాళ్లు చూసుకోమని సారు ల్యాబ్‌లో కూర్చోబెట్టాడు. నేనూ చూశాను. ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను, తప్పన్నది. మన ఊళ్ల పేర్లతో ఉన్న తంటా మీకు తెలిసిందే గదా, ఏ బోర్డు మీద చూసినా ఒక్కో తీరుగా రాసి ఉంటుంది. వి అక్షరం పెట్టానో డబ్ల్యూ పెట్టానో, మధ్యలో ఒక ఏ ఉందో లేదో, ఒక హెచ్ ఎక్కువైందో తక్కువైందో గుర్తు రాలేదు. నాలుగైదు రకాలుగా కొట్టి చూశాను. ఇంతలో క్లాసు అయిపోయింది, బస్సు వేళ అయిందని లేచి వచ్చేశాను. పాఠంలో చేసిన పని గనుక అది నా లెక్కలోకే రాలేదు.

సోమవారం నేను కోర్టులో ఉండగా ఇంట్లో అవ్వకు ఫోన్ వచ్చింది. సాయంత్రం నేను వచ్చేసరికి అవ్వ మొహం వెలిగిపోతున్నది. ఆ రోజు చుట్టాల్సిన బీడీల్లో సగం కూడా కాలేదు, చాట పక్కన పెట్టి ఉంది. "మా ఊరోడే బిడ్డా, నిజాంబాద్‌కెళ్లి మాట్లాడిండు. మునిగినోళ్ల పేర్లన్ని రాస్తుండట. మా బాపు పేరు సుత ఆయినకు ఎరుకనట" అన్నది. ఆయన అడిగాడట, ఆమె చెప్పిందట. ఊరి పేరు, వాడ, ఏడిండ్లు, అన్నల పేర్లు, నా పేరు, నా పని. నలభై ఏళ్లలో ఆమెను తల్లిగారిల్లు యాడ అని ఫోన్ చేసి మరీ అడిగినవాడు ఆయనొక్కడే. నేను అలసిపోయి ఉన్నాను, ఊఁ అని ఊరుకున్నాను.

మంగళవారం పొద్దున మెయిల్ తెరుచుకోలేదు. నిజామాబాద్‌లోని ఒక కంప్యూటర్ నుంచి ఎవరో నా రహస్య ప్రశ్నకు పదేపదే జవాబు చెప్పబోయారనీ, అందుకని ఖాతాను మూసి ఉంచామనీ ఫోన్‌కు సందేశం వచ్చి ఉంది, అది ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. నిజామాబాద్ అన్న మాట దగ్గరే నా చూపు ఆగిపోయింది. నిన్నటి ఫోన్ నిజామాబాద్ నుంచే. అడిగింది ఊరి పేరే. ఇక నాకు వేరే రుజువు అక్కర్లేకపోయింది.

ఆ పొద్దు నేను అవ్వను అన్న మాటలు గల్లీ అంతా విన్నది. అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలతో కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే, "నీ ముచ్చట్లతోని నా కొంప ముంచినవ్ అవ్వా. ఆ ఊరెట్లాగూ మునిగింది, నన్ను సుత ముంచుతవా? ఇగ ఎవ్వలకు ఏం చెప్పకు, ఊరి పేరైతే అసలే చెప్పకు" అన్నాను. ఆమె చేతిలో ఆకు అట్లాగే ఉంది. నేను ఆమె ఫోన్ తీసుకుని ఆ నంబరును బ్లాక్ చేసేశాను. పదిరోజులకు మెయిల్ తిరిగి వచ్చింది, ఒక్క కాగితం కూడా పోలేదు.

అవ్వ నా మాట పట్టుకున్నది. ఇంతకుముందు నేను చెప్పిన ఏ మాటా అంత గట్టిగా పట్టుకోలేదు. గల్లీలోకి కొత్తగా వచ్చిన కోడలు తల్లిగారిల్లు యాడ అని అడిగితే, "ఏదో ఒకటి తీ" అని తల దించుకున్నది. బస్సులో పక్కసీటావిడ పలకరిస్తే కిటికీ వైపు తిరిగింది. బతుకమ్మకు ఒంటరిగా అరుగు మీద కూర్చున్నప్పుడు దారినపోయేవాళ్లను పిలిచి చెప్పే ఆ ముచ్చట కూడా మానేసింది. నాకేమో నిశ్చింతగా ఉండేది. మా అవ్వకు ఎంత బాగా నేర్పానో చూడండని క్లాసులో చెప్పుకున్నాను కూడా, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండో ఏడు ప్రాజెక్టు పనిలో ఖాతాల జాడలు చదవటం నేర్పారు. ఏ రోజు, ఏ గంటకు, ఏ కంప్యూటర్ నుంచి ఎవరు తలుపు తట్టారో ఖాతా దాచిపెట్టుకుంటుంది, దాన్ని చదివి విషయం తేల్చాలి. అలవాటు కోసం ఎవరి ఖాతా వాళ్లు చూసుకోమన్నారు. నేను ఆ పాత సంగతి తీశాను. తప్పు జవాబులు ఐదు. ఐదూ ఆదివారమే, క్లాసు వేళకే, మా ల్యాబ్ కంప్యూటర్ నుంచే. అవ్వకు ఫోన్ వచ్చింది సోమవారం. వి, డబ్ల్యూ, హెచ్, అన్నీ నా చేతి తప్పులే. నా ఇంటి తలుపును నేనే బాది, దొంగలు పడ్డారని నేనే అరిచాను.

వకీలుగా నాకు తెలిసిన మొదటి ధర్మం ఒకటే, అవతలివాళ్ల మాట వినకుండా తీర్పు చెప్పకూడదని. ఇంట్లో ఆ ధర్మం ఏమైపోయిందో నాకు తెలియదు. అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. తప్పు నాదేనని తెలిసిన ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అవ్వ పక్కన కూర్చున్నాను. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. అంత చదివి ఇంత తెలివితక్కువ పని చేశానని ఆమె ముందు ఒప్పుకోవటానికి మనసు రాలేదు. ఎట్లాగూ జాగ్రత్త మంచిదే గదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పరీక్షలు పాసయ్యాను, పట్టా వచ్చింది, అద్దం కట్టించి గోడకు తగిలించాను.

ఆ తర్వాత నాకు మంచి పేరే వచ్చింది. ఫోన్ల కేసులన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఊళ్లల్లో మీటింగులు పెట్టి ఎవరికీ ఏమీ చెప్పకండని చెప్పటానికి నన్ను పిలిచేవాళ్లు. ఆ మాటలతో ఎందరికో మేలు జరిగిందని నాకు తెలుసు, దాన్ని నేను కాదనను. అట్లా ఒకసారి వేల్పూర్‌లో మాట్లాడి దిగుతుంటే, చేతికర్ర పట్టుకున్న పెద్దాయన ఒకాయన దగ్గరికి వచ్చి, మీరు చెప్పింది మంచిదే గాని దానివల్ల నాకొక ఇంటి మనుషులు దొరకకుండా పోయారని అన్నాడు. తనది మునిగిన ఊరట. చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయిన ఊరివాళ్ల పేర్లన్నీ ఫోన్లు చేసి పోగుచేశాడట. ఎండాకాలం నీళ్లు బాగా తగ్గిన ఏడు బురదలో బొడ్రాయి తేలుతుంది, అందరూ కలిసి పోయి దానికి పసుపు పెట్టి వస్తారట. "బోధన్‌ల ఒక అక్క మస్తు సంబురంగ మాట్లాడింది బిడ్డా. ఏడిండ్ల పేర్లు నాకన్న ఆమెకే మంచిగ యాదికున్నయ్. తెల్లారి చేస్తే ఫోన్ కలవలే" అన్నాడు.

ఆయన ఊరి పేరు చెప్పక ముందే నాకు తెలిసిపోయింది. ఆ అక్క మా అవ్వే అని చెప్పాను. పోదామా ఈ ఏడు అని అడిగాను. వచ్చే ముసలివాళ్లంతా ఒకరి వెంట ఒకరు పోయారనీ, ఆఖరుసారి నలుగురే మిగిలారనీ, తనకూ మోకాళ్లు పనిచేయటం లేదనీ, ఇక మానేశామనీ చెప్పాడు.

ఆ సాయంత్రం అవ్వకు మొత్తం చెప్పాను. ఆదివారం సంగతి, ల్యాబ్ సంగతి, ఆ పెద్దాయన దొంగ కాదన్న సంగతి. తప్పు నాది అవ్వా అని ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. అప్పటికే ఆమెకు మతిమరుపు మొదలైంది. ఎంత అర్థమైందో తెలియదు. పెద్దాయనకు ఫోన్ కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాను. అవతల ఆయన అక్కా అక్కా అని గట్టిగా పిలుస్తూ, బొడ్రాయి గురించీ, వాళ్ల బాపు గురించీ చెబుతున్నాడు. అవ్వ అంతా శ్రద్ధగా విన్నది. ఫోన్ నా చేతికిచ్చి, "ఎవలో ఏమో బిడ్డా, మనకెందుకు" అన్నది.

పోయిన నెల డాక్టరమ్మ గదిలోంచి బయటికి వచ్చాక మందుల కోసం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అవ్వ నా చెయ్యి లాగి, అటూ ఇటూ చూసి, మెల్లగా, "ఆమె అడిగింది గాని నేను చెప్పలే" అన్నది. పరీక్ష పాసైన పిల్లలా ఉంది ఆమె మొహం. నాకు దుఃఖం ఆగలేదు. మంచిది అవ్వా, నాకు చెప్పు అన్నాను. ఆమె మళ్లీ ఒకసారి వరండా అంతా చూసి, నోరు నా చెవి దగ్గరికి తెచ్చింది. నేను ఆగాను. ఊపిరి తగులుతున్నది, మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. మెల్లగా వెనక్కి జరిగి నన్ను భయంగా చూసింది.

"నీకు చెప్పిన గద బిడ్డా, ఎప్పుడో?"

చెప్పినవ్ అవ్వా అన్నాను.

"మరి నువ్వు ఎవ్వలకు చెప్పకు."

ఆ పేరు ఆమెకు వినిపిద్దామని నేను నోరు తెరవగానే అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టేసింది. బీడీలు చుట్టటం మానేసి ఏళ్లయింది, అయినా ఆ వేళ్లల్లో తంబాకు వాసన ఇంకా ఉంది.

తిరుగు బస్సులో మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. నిజామాబాద్ నుంచి బోధన్ దాకా అందరూ తలలు వంచి ఫోన్లు చూసుకుంటున్నారు. ఏ ఊరని గాని, ఎవల బిడ్డవని గాని ఒక్కరూ అనలేదు. ఇది మంచి జాగ్రత్తే, ఇట్లా ఉండమని ఊరూరా తిరిగి చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎడపల్లి దగ్గర పక్కసీట్లో కూర్చున్న నా ఈడు ఆవిడ మా అవ్వ వైపు చూసి ఏదో అడగబోయి, మళ్లీ ఏమనుకున్నదో, ఊరుకున్నది. ఆమె అడిగి ఉంటే బాగుండునని బోధన్ వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను.

నా మెయిల్‌కు ఆ జవాబును తీసేశాను, ఇప్పుడది దేనికీ తాళం కాదు. ఎవ్వలకు చెప్పకని అవ్వ అన్న మాటను మాత్రం దాటుతున్నాను. ఆమె ఇన్నేళ్లు నా మాట విన్నందుకు నేను ఈ ఒక్క మాట వినకపోవటమే న్యాయమని నాకు తోచింది. మీరెవరూ అడగలేదు, అయినా చెబుతున్నాను. గోదారి ఒడ్డున, బొడ్రాయికి ఎడమ చేతి వైపు వాడలో, ఏడిండ్లున్నచోట మా అవ్వ పుట్టింది. ఆమె తల్లిగారి ఊరు ఇప్పలవంచ.